కుక్క వచ్చిన దగ్గర్నుంచి వదిలేదాకా: ఏబీసీ సెంటర్‌లో ఓటీ అసిస్టెంట్ పని

చెయ్యి తిరిగిన డాక్టరుకు ఆడకుక్క గర్భసంచి, అండాశయాలు తీయడానికి ఇరవై నిమిషాలు చాలు. మగకుక్కకైతే పది. కానీ ఆ కుక్క వీధి నుంచి వచ్చి మళ్లీ వీధికి చేరేసరికి దాదాపు వారం పడుతుంది. అందులో డాక్టరు చేతిలో ఉండే కాసేపు పక్కన పెడితే మిగిలిందంతా అసిస్టెంట్ల పనే. షెల్టర్‌లో కుక్క చనిపోతే జనం ఆపరేషన్ ఫెయిలైందంటారు. నన్నడిగితే కత్తి దగ్గర జరిగే పొరపాట్లు తక్కువ. బరువు తూయకపోవడం, కడుపు ఖాళీగా లేకపోవడం, మెలకువ వచ్చే వేళకు పక్కన మనిషి లేకపోవడం, వీటి దగ్గరే ఎక్కువ ప్రాణాలు పోతాయి. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేసే సెంటర్లను అందరూ ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) సెంటర్లు అంటారు. హైదరాబాద్, విశాఖల్లాంటి నగరాల్లో కార్పొరేషన్ల ఆధ్వర్యంలోనూ, స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగానూ ఇవి నడుస్తాయి. అక్కడ చేరాలనుకునేవాళ్ల కోసం, చేరి కంగారు పడుతున్నవాళ్ల కోసం పని ఏ వరసలో జరుగుతుందో అదే వరసలో రాస్తున్నాను.

చదువు, చట్టం గీసిన గీత

పదో తరగతి తర్వాత చేసే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఈ పనికి మంచి పునాది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడుపుతున్నాయి. డిప్లొమా లేకుండా హెల్పర్లుగా చేరి, పని మీద నేర్చుకుని, డాక్టర్లకు కుడిభుజంగా మారినవాళ్లూ చాలామంది ఉన్నారు. అయితే డిప్లొమాలో గేదెలు, ఆవుల మీద ఉన్నంత శ్రద్ధ కుక్క మత్తు మీద ఉండదు. అది ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే నేర్చుకోవాలి.

చట్టం సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం ఆపరేషన్ చేయాల్సింది రిజిస్టర్డ్ పశువైద్యుడే. డిప్లొమా ఉన్నవాళ్లు చిన్నచిన్న సేవలు మాత్రం, అదీ డాక్టరు పర్యవేక్షణలో, ప్రభుత్వ ఉత్తర్వు ఉంటేనే చేయవచ్చు. పని ఒత్తిడిలో "చర్మం కుట్లు నువ్వు వేసేయ్, నేను తర్వాతి కుక్కను చూస్తా" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తుంది. "సార్, అది మీరే వేయండి, ఆలోగా ఆ కుక్కను నేను రెడీ చేస్తా" అని చెప్పడం మొదటి నెలలోనే అలవాటు చేసుకోండి. ఒక్కసారి ఒప్పుకుంటే రేపటినుంచి అది మీ డ్యూటీ అయిపోతుంది.

కుక్కను ముట్టుకునే ముందు మీ టీకా

రేబిస్ ముందస్తు టీకా వేయించుకోకుండా కెన్నెల్‌లో అడుగు పెట్టొద్దు. మన దేశంలో పాటించే పద్ధతిలో 0, 7 రోజుల్లో రెండు డోసులు, 21 లేదా 28వ రోజున మూడోది. డోసులు పూర్తయ్యేదాకా స్టోరు, ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం), రికార్డుల పని అడగండి.

టీకా ఉన్నా సరే, పన్ను దిగితే వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే అయిపోయినట్టు అనిపిస్తుంది. ముందస్తు కోర్సు పూర్తి చేసినవాళ్లకు ఆ తర్వాత 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. ముందస్తు టీకా లేనివాళ్లకు పూర్తి కోర్సూ కావాలి, ఇమ్యునోగ్లోబులినూ కావాలి. గోటి గీతను, కంట్లో పడిన చొంగను కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

కింది దవడ వేలాడుతూ చొంగ కార్చే కుక్క వస్తే "గొంతులో ఎముక ఇరుక్కుందేమో" అని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్‌లో పక్షవాతం రకం అచ్చం అలాగే ఉంటుంది. గొంతు బొంగురుపోవడం, వెనక కాళ్లు తూలడం, కారణం లేకుండా కేజ్ ఊచలు కొరకడం, వీటిలో ఏది కనిపించినా కుక్కను విడిగా పెట్టి డాక్టర్ని పిలవడమే మీ పని.

చేర్చుకోవడం

వ్యాన్ రాగానే ఒక్కో కుక్కకు నంబరు. మెడలో ట్యాగ్, కేస్ షీట్, కేజ్ మీద కార్డు, మూడింటి మీదా అదే నంబరు ఉండాలి. గుర్తులు రాసేటప్పుడు "గోధుమ రంగు ఆడకుక్క" అంటే లాభం లేదు, ఒక్క వ్యాన్‌లోనే అలాంటివి అరడజను ఉంటాయి. "ఎడమ ముందు కాలికి తెల్ల సాక్సు, తోక చివర విరిగింది" అని రాయండి. పట్టుకున్న చోటు ఇంకా ముఖ్యం. కాలనీ పేరు చాలదు, ఏ వీధి, ఏ కిరాణా కొట్టు ఎదురుగా అన్నది కుక్కల్ని పట్టి తెచ్చిన క్యాచర్లు వెళ్లిపోకముందే అడిగి రాసుకోవాలి. దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

తర్వాత దూరం నుంచి ఓ చూపు, దగ్గర నుంచి ఓ చూపు. పొదుగు నిండుగా ఉండి నొక్కితే పాలొస్తున్నాయంటే బయట ఎక్కడో పిల్లలు ఎదురుచూస్తున్నట్టే. వెంటనే డాక్టరుకు చెప్పాలి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం 6 నెలల లోపు పిల్లలను ఈ ఆపరేషన్ కోసం పట్టకూడదు, కాబట్టి పళ్లు చూసి వయసు అంచనా వేయడం నేర్చుకోండి. పెదవి ఎత్తి చిగురు చూడండి. తెల్లగా పాలిపోయి, ఒంటి నిండా పిడుదులు ఉంటే టిక్ ఫీవర్ అనుమానించాలి. ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా క్రిమి ఉన్న కుక్కకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, టేబుల్ మీద రక్తం ఒక పట్టాన ఆగదు. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ లాంటి గడ్డ, రక్తం చుక్కలు కనిపిస్తే అది వీధికుక్కల్లో మామూలుగా ఉండే టీవీటీ, అంటే జతకట్టినప్పుడు అంటుకునే కణితి కావచ్చు. ఆ కుక్కకు చాలాసార్లు వారం వారం విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు కోర్సు పడుతుంది. ఇవన్నీ మీరు తేల్చాల్సినవి కావు. రాత్రికే రాసి పెడితే పొద్దున లిస్టు వేసేటప్పుడు డాక్టరుకు పని సులువవుతుంది.

ఇక పస్తు. వీధిలో పట్టిన కుక్క ఏం తిని వచ్చిందో ఎవరికీ తెలియదు, పెళ్లి భోజనాల విస్తళ్లు కూడా కావచ్చు. అందుకే వచ్చిన రోజే ఆపరేషన్ పెట్టకుండా రాత్రంతా ఉంచి, దాదాపు 10 నుంచి 12 గంటలు తిండి ఆపుతారు. నీళ్లు పొద్దున తీసేస్తారు. కుక్కపిల్లలకు, పిల్లులకు అంత పస్తు పనికిరాదు, ఎంతన్నది డాక్టరే చెప్తారు. మత్తుకు వాడే జైలజీన్ వాంతి తెప్పిస్తుంది. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే బతికించడం కష్టం. రాత్రి తాళం వేసే ముందు పక్క కేజ్‌లోని అన్నం బొచ్చె ఊచల సందులోంచి అందుతోందేమో ఓసారి చూసి వెళ్లండి.

బరువు, లెక్క, సిరంజి

కంటి అంచనాతో మత్తు ఇచ్చే సెంటర్లు ఇంకా ఉన్నాయి. మీ సెంటర్ అలాంటిది కాకుండా చూసుకోండి. ప్లాట్‌ఫారం తూకం లేకపోతే కుక్క కేజ్‌తో సహా తూచి, ఖాళీ కేజ్ బరువు తీసేయండి. దానికి రెండు నిమిషాలు.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. డోసు ఎంతన్నది ప్రతి కుక్కకూ డాక్టరే రాస్తారు, ఈ అంకెలు పద్ధతి చూపడానికే. కుక్క 15 కిలోలు. డాక్టరు కిలోకు 1 మిల్లీగ్రాము జైలజీన్, 10 మిల్లీగ్రాముల కెటమిన్ రాశారు. జైలజీన్ 15 మిల్లీగ్రాములు కావాలి. సీసా మీద మి.లీ.కి 20 మి.గ్రా. అని ఉంటే 0.75 మి.లీ. లాగాలి. కెటమిన్ 150 మిల్లీగ్రాములు కావాలి. సీసా మి.లీ.కి 50 మి.గ్రా. అయితే 3 మి.లీ. ఇంతవరకు పదో తరగతి లెక్కే. చిక్కు ఎక్కడంటే, జైలజీన్ మి.లీ.కి 100 మి.గ్రా. సీసాల్లో కూడా దొరుకుతుంది, అది గుర్రాలకు వాడే గాఢత. స్టోరు నుంచి ఆ సీసా వచ్చిన రోజు అలవాటు కొద్దీ 0.75 లాగితే ఐదింతల మందు ఎక్కుతుంది. సీసా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మందు పేరు కంటే ముందు గాఢత చదవండి. సిరంజి మీద ప్లాస్టర్ ముక్క అంటించి కుక్క నంబరు, మందు, మి.లీ. రాయండి. పక్కనున్నవాళ్లకు పైకి చదివి వినిపించండి. కొత్తలో నవ్వుతారు, నవ్వనివ్వండి.

కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టం గట్టిగా నియంత్రించే రకం. తాళం వేసిన బీరువాలో ఉండాలి, ఎంత లాగామో ఎంత మిగిలిందో రిజిస్టర్‌లో ఎక్కాలి. సాయంత్రం సీసాలో ఉన్నదానికి, పుస్తకంలో ఉన్నదానికి తేడా వస్తే ఆ రాత్రే చెప్పాలి.

ఇంజెక్షన్ స్క్వీజ్ కేజ్‌లోనో (ఒక పక్క జరిపి కుక్కను కదలకుండా బిగించే కేజ్), వల పైనుంచో తొడ కండకు పడుతుంది. తర్వాత కేజ్ మీద గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయాలి. చుట్టూ అరుపులు, ఫోన్ రింగులు ఉంటే ఎంత మందు ఇచ్చినా కుక్క సరిగ్గా పడుకోదు, బెదిరిన జంతువు మీద జైలజీన్ పని చేసే తీరే అంత. పడుకోలేదని మీరే ఇంకో అర మి.లీ. ఇచ్చేయకండి.

ఓటీ, ప్యాకులు

ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల ఒత్తిడి. చుట్టిన ప్యాకులకు అరగంట. బయటి టేపు మీద గీతలు నల్లబడితే వేడి తగిలిందని అర్థం, లోపలిదాకా ఆవిరి వెళ్లిందని కాదు. అందుకే ప్యాకు మధ్యలో ఇండికేటర్ స్ట్రిప్ పెట్టాలి. తడిగా బయటికొచ్చిన ప్యాకును మళ్లీ వేయాల్సిందే. కుక్కకో ప్యాకు ఉండాలి. పరికరాలను స్పిరిట్ ట్రేలో ముంచి తర్వాతి కుక్కకు వాడటం చాలాచోట్ల చూస్తాం. అది కడగడమే తప్ప స్టెరిలైజ్ చేయడం కాదు. ప్యాకులు చాలకపోతే లిస్టులో కుక్కల్ని తగ్గించమని అడగండి.

నరం పట్టడం, వెంట్రుకలు తీయడం

ముందు కాలి సెఫాలిక్ నరంలో క్యాన్యులా, అంటే మందులు ఎక్కించే సన్న గొట్టం పెడతారు. వీధికుక్కల్లో సాధారణంగా 20 లేదా 22 గేజ్ సరిపోతుంది. టేబుల్ మీద పరిస్థితి తిరగబడ్డప్పుడు నరం దొరకదు, అందుకే ముందే పెట్టుకోవాలి. కెటమిన్ ఇచ్చిన కుక్క కళ్లు తెరుచుకునే ఉంటాయి, రెప్ప వేయదు. ఎండిపోయి పుండు పడకుండా కంటి ఆయింట్‌మెంట్ పెట్టండి. నాలుకను బయటికి లాగి పక్కకు పెట్టండి.

మన దగ్గర చాలామంది డాక్టర్లు ఆడకుక్కకు కుడి డొక్క నుంచి చేస్తారు. అంటే కుక్కను ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. కొందరు పొట్ట మధ్య నుంచి చేస్తారు. ముందే అడగండి, తప్పు వైపు గొరిగితే టైమూ పోతుంది, కుక్క చర్మమూ పోతుంది. క్లిప్పర్‌తో వెంట్రుకలు తీయడం ఓటీ టేబుల్ మీద కాకుండా బయట గదిలో జరగాలి. డాక్టరు చెప్తే మూత్రాశయం మెల్లగా నొక్కి ఖాళీ చేయాలి. తర్వాత క్లోర్‌హెక్సిడిన్ లేదా పోవిడోన్ అయోడిన్‌తో మధ్య నుంచి బయటికి చుట్లు తిప్పుతూ మూడుసార్లు తుడవాలి. అంచు ముట్టిన గాజ్ మళ్లీ మధ్యకు రాకూడదు. స్పిరిట్ ధారగా పోయొద్దు, సన్నకుక్కలు చల్లబడిపోతాయి.

టేబుల్ మీద కుక్కను చూసేది మీరే

కోత మొదలయ్యాక డాక్టరు చూపు గాయం మీదే ఉంటుంది. కుక్క మొత్తాన్ని చూసేది మీరొక్కరే. ఫోన్ బయట పెట్టి రండి. ఐదు నిమిషాలకోసారి షీట్‌లో గుండె, ఊపిరి, చిగురు రంగు, ఆక్సిజన్, ఉష్ణోగ్రత రాయాలి.

చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి. గుండె నిమిషానికి 60 కంటే తగ్గితే, ఊపిరి 8 కంటే తగ్గితే, రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే దిగితే పైకి చెప్పాలి. 90 కంటే దిగితే గట్టిగా చెప్పాలి. ఆక్సిజన్ కొలవడానికి నాలుకకు పెట్టిన ప్రోబ్ (క్లిప్పు) కాసేపటికి తడారి తప్పు అంకె చూపించడం మామూలే. కానీ ప్రోబ్ సర్దే ముందు చిగురు చూడండి. అది గులాబీగా ఉంటే ప్రోబ్ తప్పు, నీలంగా ఉంటే కుక్కకే కష్టం. ఈ వరస తిరగేసి చేసేవాళ్లు మెషీన్ సర్దుతూ విలువైన నిమిషం పోగొడతారు.

కంటి కదలికను బట్టి మత్తు లోతు చెప్పడం కెటమిన్ దగ్గర కుదరదు. దవడ ఎంత వదులుగా ఉందో చూడండి, ఊపిరి లయ వినండి. అన్నిటికంటే పెద్ద పరీక్ష డాక్టరు అండాశయాన్ని పైకి లాగే క్షణం. అక్కడి నరాలు సాగినప్పుడు మత్తు పలచబడిన కుక్కకు ఊపిరి ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, పొట్ట బిగుస్తుంది, కాలి వేళ్లు కదులుతాయి. "సార్, లైట్ అవుతోంది" అనే మాట కుక్క కదలకముందే మీ నోట రావాలి. లాగిన క్షణంలోనే గుండె నెమ్మదించడం కూడా జరుగుతుంది, అప్పుడు "సార్, రేటు పడుతోంది" అంటే డాక్టరు చెయ్యి వదులు చేస్తారు. ఒక వైపు ఇలా అయితే రెండో వైపుకు ముందే సిద్ధంగా ఉండొచ్చు.

గుండె ఆగితే ఆలోచించే టైము ఉండదు. పక్కకు పడుకోబెట్టి, ఛాతీని దాని వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఊపిరి నిమిషానికి పది. మందులు డాక్టరు చెప్పినట్టు. ఎడ్రినలిన్, అట్రోపిన్, జైలజీన్‌కు విరుగుడు, ఇవి 5, 10, 15, 20 కిలోలకు ఎన్ని మి.లీ. అవుతాయో డాక్టరుతో లెక్క వేయించి గోడకు పెద్ద అక్షరాలతో అంటించండి. టెన్షన్‌లో భాగహారం ఎవరికీ రాదు.

మూసే ముందు లెక్క

పొట్ట మూయబోయే ముందు గాజ్ ముక్కలు ఎన్ని ఇచ్చామో అన్నీ తిరిగొచ్చాయా లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే కుట్టు ఆగాలి. తీసిన గర్భసంచిని ట్రేలో పరిచి రెండు అండాశయాలూ పూర్తిగా వచ్చాయా డాక్టరుకు చూపించండి. చిన్న ముక్క మిగిలినా కుక్క మళ్లీ ఎదకు వస్తుంది, "ఆపరేషన్ చేశామన్నారు కదా" అని కాలనీ వాళ్లు నిలదీస్తారు. ఆ అవయవాలు ఫార్మలిన్ డబ్బాలోకి పోవాలి. పర్యవేక్షణ కమిటీ ఆపరేషన్ల సంఖ్యను వాటితోనే సరిచూస్తుంది. రోజు చివర డబ్బాలో ఉన్నవీ రిజిస్టర్‌లో ఉన్నవీ కలవాలి. మత్తులో ఉండగానే చెవి నాచ్ (ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి అంచున పెట్టే గాటు), రేబిస్ టీకా కూడా అయిపోవాలి. నాచ్ దగ్గర రక్తం ఆగేదాకా గాజ్‌తో అదిమి పట్టుకోండి, వదిలేస్తే మేలుకున్నాక తల విదిలించి గోడలన్నీ చిమ్ముతుంది.

మెలకువ వచ్చే వేళ

2008లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ఒకటి మత్తు సంబంధమైన కుక్కల మరణాల్లో దాదాపు సగం ఆపరేషన్ అయ్యాకే జరిగాయని, వాటిలోనూ పెద్ద వాటా మొదటి మూడు గంటలదేనని తేల్చింది. అన్ని వసతులున్న క్లినిక్కుల మాట అది. మన దగ్గర మాత్రం సరిగ్గా ఆ వేళకే అందరూ తర్వాతి కుక్క మీద పడతారు. రికవరీకి ఒక మనిషిని విడిగా పెట్టమని పట్టుబట్టండి.

కుక్కను పక్కకు పడుకోబెట్టి మెడ చాపి, తల కొద్దిగా కిందికి ఉంచాలి. అరగంటకోసారి పక్క మార్చాలి. గొంతులో ట్యూబు ఉంటే మింగడం మొదలయ్యాకే తీయాలి. ఉష్ణోగ్రత 98 ఫారన్‌హీట్ కంటే దిగితే దుప్పటి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు పెట్టండి. సీసా నేరుగా ఒంటికి తగిలితే మత్తులో ఉన్న కుక్క జరగలేదు, చర్మం కాలిపోతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కిందైతే సమస్య తిరగబడుతుంది, అక్కడ ఫ్యాన్, తడిగుడ్డ కావాలి. థర్మామీటర్ పెట్టకుండా దుప్పటి కప్పకండి. కెటమిన్ దిగేటప్పుడు కుక్క కాళ్లు ఈత కొట్టినట్టు ఆడిస్తుంది, చిన్న శబ్దానికీ ఉలిక్కిపడుతుంది. చీకటి, నిశ్శబ్దం ఇవ్వండి. సగం మెలకువలో ఉన్న రెండు కుక్కల్ని ఒకే కేజ్‌లో వేయొద్దు. తూలకుండా లేచి కూర్చునేదాకా నీళ్ల గిన్నె పెట్టొద్దు, అందులో మూతి పడి పోయిన కుక్కలున్నాయి.

తర్వాతి రోజులు

ఆపరేషన్ తర్వాత కనీసం 4 రోజులు ఉంచాలి. మొదటి ఇరవై నాలుగు గంటల్లో చిగుళ్లు తెల్లబడి, పొట్ట ఉబ్బి, కుక్క మూల చేరి లేవకపోతే లోపల రక్తస్రావం కావచ్చు, అర్ధరాత్రయినా డాక్టర్ని లేపండి. తర్వాత రోజూ రెండు పూటలా తిందా, కుట్టు ఎలా ఉంది అన్నది చూడాలి. కొద్దిపాటి వాపు మామూలే. వేడి, దుర్వాసన, చీము, కుట్టు విడిపోవడం కనబడితే ఆ కుక్క విడుదల లిస్టులోంచి పోవాలి. వీధికుక్కకు కుట్లు విప్పేవాళ్లు ఉండరు కాబట్టి చర్మం లోపలే కరిగిపోయే దారంతో కుడతారు. నొప్పి మందు ఆపరేషన్ రోజుతో సరిపోదు, మర్నాటి డోసు కూడా షీట్‌లో ఉందో లేదో చూడండి.

కెన్నెల్ కడిగేటప్పుడు గ్లవ్స్, బూట్లు ఉండాలి, మూత్రంలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకు అంటుతుంది. కుక్కలకు వచ్చే పార్వో వైరస్ స్పిరిట్‌కు చావదు. మలం, మురికి ముందు కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు నాననివ్వాలి. సూదులకు మూత తిరిగి పెట్టకుండా తెల్ల డబ్బాలో వేయాలి. రక్తపు గాజ్, కణజాలం పసుపు సంచిలోకి, సిరంజిలు, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి పోతాయి.

వదలడం

పట్టిన చోటే వదలాలన్నది నియమం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగతావాటిని పట్టిన చోటికే చేర్చాలంది. అదే ఏడాది నవంబరు 7న మాత్రం స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలాంటి ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. కాబట్టి మొదటి రోజు షీట్‌లో "బస్టాండ్ లోపలా, ఎదురు వీధిలోనా" అన్నది రాయకపోతే చివరి రోజు ఎవరూ తేల్చలేరు. వ్యాన్ ఎక్కించేటప్పుడు ట్యాగ్, షీట్, చెవి మూడూ సరిచూడండి.

చేరే ముందు సెంటర్‌ను చూడటం

హైదరాబాద్‌లో 1992 నుంచి ఉన్న బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంక్షేమ సంస్థల్లో కొన్నాళ్లు వలంటీర్‌గా చేస్తే పని తెలుస్తుంది. ఊటీ దగ్గర వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ శిక్షణ కేంద్రం ఈ ఆపరేషన్లలో శిక్షణ ఇవ్వడానికి పెట్టిందే.

ఇంటర్వ్యూలో జీతం, సెలవులు ఎలాగూ అడుగుతారు. వాటితోపాటు రేబిస్ టీకా ఖర్చు ఎవరిదో, ఒక డాక్టరుకు రోజుకు ఎన్ని కుక్కలో, కుక్కకో ప్యాకు ఉందో లేదో, రికవరీ దగ్గర మనిషి ఉంటారో లేదో అడగండి. ఓటీ చూపిస్తామంటే వెళ్లి ఎమర్జెన్సీ ట్రే మీద మందుల ఎక్స్‌పైరీ తేదీలు చదవండి, ఆక్సిజన్ సిలిండర్ తిప్పి చూపించమనండి. గేజ్ ముల్లు సున్నా దగ్గరే ఉంటే ఇంకో సెంటర్ వెతుక్కోండి.